దువాతో పాటు దవా: మన ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుంది?

అనుమసముద్రంపేట పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హజ్రత్ ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా. ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జబ్బు పడ్డవాళ్లను వెంటబెట్టుకుని కుటుంబాలు ఏ.ఎస్.పేటకు వస్తుంటాయి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్ అన్నది మన నమ్మకం. దాంతో పాటే మన పెద్దలు ఇంకో మాట కూడా చెబుతారు: దువా చేయండి, దవా కూడా వాడండి.

ఆ దవా పనిచేయాలంటే మన ఒంట్లో ముందు నుంచే ఉన్న ఒక ఏర్పాటు గురించి కొంచెం తెలిసి ఉండాలి. అదే రోగనిరోధక వ్యవస్థ. కరోనా తర్వాత 'ఇమ్యూనిటీ' అన్న మాట ప్రతి ఇంట్లోకీ వచ్చేసింది. ఇమ్యూనిటీ టీ, ఇమ్యూనిటీ పొడి, ఇమ్యూనిటీ బిళ్లలు అంటూ బోలెడు సరుకు అమ్ముడవుతోంది. కానీ ఆ శక్తి ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తుంది, ఎప్పుడు మనకే ఎదురు తిరుగుతుంది అన్నవి మాత్రం చాలామందికి తెలియవు. తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. టీకా వేయించని పిల్లలు, కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ సూదులు వేయించుకునే అమ్మలు, తెల్లమచ్చలు వచ్చాయని నిఖా ఆగిపోయిన అమ్మాయిలు... ఈ మూడింటి వెనుకా ఉన్నది ఈ విషయమే.

చెక్క పేడు గుచ్చుకుంటే ఏం జరుగుతుంది?

ఉదయగిరి చెక్క చెంచాలు ఎంత పేరున్నవో మనకు తెలుసు. నర్ది లాంటి కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కే ఆ పని ఎక్కువగా మన ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. చెక్కుతున్నప్పుడు వేలికి ఒక సన్నని పేడు గుచ్చుకుందనుకోండి. కాసేపటికి ఆ చోట ఎర్రబడుతుంది, వేడిగా ఉంటుంది, వాస్తుంది, సలుపుతుంది. రెండు రోజులకు కొంచెం చీము పట్టవచ్చు. ఆ తర్వాత మానిపోతుంది. 'సెప్టిక్ అయింది' అని మనం కంగారు పడతాం గానీ, ఆ ఎరుపూ వాపూ చాలావరకు మన శరీరం చేస్తున్న పనే.

చర్మం మన కోటగోడ. అది పగలనంత వరకు సూక్ష్మజీవులు లోపలికి రావడం కష్టం. చర్మంతో పాటు ముక్కులో చీమిడి, కంట్లో నీరు, నోట్లో లాలాజలం, కడుపులో ఆమ్లం కూడా కాపలా కాస్తాయి. కన్నీటిలోనూ లాలాజలంలోనూ ఉండే లైసోజైమ్ అనే పదార్థం కొన్ని బ్యాక్టీరియాల గోడలను కరిగించేస్తుంది. పేడు గుచ్చుకుని గోడకు కన్నం పడగానే, ఆ చోట ముందు నుంచే ఉన్న కాపలా కణాలు కొన్ని రసాయనాలను వదులుతాయి. వాటితో రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఎరుపు, వేడి. నాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. అందుకే వాపు. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పెద్ద సంఖ్యలో అక్కడికి చేరి సూక్ష్మజీవులను మింగి, తామూ చనిపోతాయి. చీములో ఎక్కువ భాగం ఆ చనిపోయిన కణాలే.

ఈ సంగతి మొదట కనిపెట్టింది కూడా ఒక ముల్లు గుచ్చి చూసినప్పుడే. 1882లో ఇటలీలోని మెస్సినాలో రష్యా శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ స్టార్‌ఫిష్ పిల్లల ఒంట్లో గులాబీ ముళ్లు గుచ్చాడు. మర్నాడు పొద్దున చూస్తే ఆ ముళ్ల చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మింగే కణాలు శరీరంలో ఉంటాయని ఆయన తేల్చాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

దీన్ని పుట్టుకతో వచ్చే రక్షణ అంటారు. ఇది నిమిషాల్లో, గంటల్లో పని మొదలుపెడుతుంది. కానీ శత్రువు ఎవరన్నది దీనికి వివరంగా తెలియదు, వచ్చినవాడు పరాయివాడా కాదా అన్నంత వరకే చూస్తుంది. జ్వరం కూడా దీని పనే. తెల్లకణాలు వదిలిన రసాయనాలు మెదడుకు చేరి, ఒంటి వేడి పెంచమని చెబుతాయి. ఆ వేడికి చాలా సూక్ష్మజీవులు సరిగా పెరగలేవు. అలాగని ప్రతి జ్వరాన్నీ వదిలేయకూడదు. పసిపిల్లలకు, ముసలివాళ్లకు, ఫిట్స్ వచ్చేవాళ్లకు, మూడు రోజులు దాటినవాళ్లకు వైద్యం కావాల్సిందే.

గుర్తుపెట్టుకునే సైన్యం

రెండో రకం రక్షణ నిదానంగా మొదలవుతుంది. కానీ ఒకసారి నేర్చుకున్నదాన్ని మరిచిపోదు. దీని సైనికులు లింఫోసైట్లు. ఇవి రెండు రకాలు, బీ కణాలు, టీ కణాలు. రెండూ ఎముక మజ్జలోనే పుడతాయి. టీ కణాలు మాత్రం రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ అనే గ్రంథికి వెళ్లి శిక్షణ పొందుతాయి. 'నీది ఏది, పరాయిది ఏది' అని అక్కడ నేర్చుకుంటాయి. సొంత శరీరం మీద తిరగబడే కణాలను చాలావరకు అక్కడే ఏరి పారేస్తారు.

గాయం దగ్గర సూక్ష్మజీవిని మింగిన కొన్ని కణాలు దాని ముక్కను పట్టుకుని దగ్గరలోని లింఫ్ గ్రంథికి వెళతాయి. కాలికి పుండు అయితే గజ్జల్లో, గొంతు నొప్పి అయితే దవడ కింద బిళ్లలు కట్టేది ఇందుకే. అక్కడ లక్షల కణాల్లో ఆ ముక్కకు సరిగ్గా సరిపోయే కణం దొరికేదాకా వెతుకులాట జరుగుతుంది. తాళానికి సరిపడే తాళంచెవి వెతికినట్టు. దొరికాక ఆ ఒక్క కణం వేలుగా, లక్షలుగా పెరుగుతుంది. బీ కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. అవి సూక్ష్మజీవికి అతుక్కుని దాన్ని కదలనివ్వవు. కిల్లర్ టీ కణాలు వైరస్ పట్టిన మన సొంత కణాలను చంపుతాయి. హెల్పర్ టీ కణాలు అందరికీ ఆదేశాలు ఇస్తాయి. హెచ్ఐవీ వైరస్ దెబ్బతీసేది సరిగ్గా ఈ హెల్పర్ కణాలనే. అవి పడిపోతే సైన్యం మొత్తానికి నాయకుడు లేనట్టే. అందుకే చికిత్స లేని హెచ్ఐవీలో మామూలు జబ్బులు కూడా ప్రాణం తీస్తాయి.

మొదటిసారి ఈ పని అంతా జరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. యుద్ధం అయ్యాక కొన్ని కణాలు జ్ఞాపకంగా మిగిలిపోతాయి. అదే సూక్ష్మజీవి మళ్లీ వస్తే రెండు మూడు రోజుల్లోనే, కొన్నిసార్లు మనకు తెలియకుండానే, పని పూర్తయిపోతుంది.

మశూచి ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదన్న సంగతి పాతకాలం వాళ్లకూ తెలుసు. వెయ్యేళ్ల కిందట ఇరాన్‌లోని రయ్ నగరానికి చెందిన వైద్యుడు అల్ రాజీ మశూచినీ తట్టునూ వేరువేరు జబ్బులుగా చూపిస్తూ ఒక పుస్తకమే రాశాడు. మశూచి జీవితంలో ఒకసారే ఎందుకు వస్తుందో చెప్పడానికీ ఆయన ప్రయత్నించాడు. లేత రక్తం పులిసి పక్వమయ్యే క్రమమే ఆ జబ్బు అనీ, ఒకసారి పక్వమైన రక్తం మళ్లీ పులవదనీ ఆయన ఊహ. ఆ ఊహ నిలవలేదు గానీ, ప్రశ్న మాత్రం సరైనదే. తర్వాత తుర్కీలోనూ మన దేశంలోనూ మశూచి పొక్కు రసిని కొద్దిగా ఆరోగ్యవంతులకు ఎక్కించే పద్ధతి ఉండేది. 1796లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసితో అంతకన్నా భద్రమైన దారి చూపించాడు. 1980లో మశూచి భూమి మీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

టీకా అంటే ముందే నేర్పిన పాఠం

టీకా చేసే పని ఒక్కటే. జబ్బు చేయకుండా, జబ్బు తాలూకు గుర్తును మాత్రం శరీరానికి చూపిస్తుంది. చంపిన సూక్ష్మజీవినో, బలహీనం చేసినదాన్నో, దాని ముక్కనో ఇస్తారు. జ్ఞాపక కణాలు తయారవుతాయి. టీకా తర్వాత బిడ్డకు ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు రావడం చాలావరకు ఆ పాఠం జరుగుతోందనడానికి గుర్తు.

హజ్‌కు వెళ్లేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. మెనింజైటిస్ టీకా సౌదీకి చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలన్నది నియమం. ఆ 10 రోజులు ఎందుకు? యాంటీబాడీలు తయారవడానికి శరీరానికి ఆ మాత్రం గడువు కావాలి కాబట్టి. ఆ నియమం ఊరికే రాలేదు. 1987 హజ్‌లో మెనింజైటిస్ ప్రబలింది. 2000, 2001 సంవత్సరాల్లో డబ్ల్యూ135 అనే ఇంకో రకం వచ్చింది. ఆ తర్వాతే నాలుగు రకాలకూ పనిచేసే టీకాను తప్పనిసరి చేశారు. లక్షల మంది ఒకే చోట చేరే హరమైన్ దగ్గరే టీకా తప్పదన్నప్పుడు, మన మొహల్లాలో పిల్లలకు టీకా వద్దనడానికి కారణం ఏముంటుంది?

టీకాల చరిత్రలో మన తెలుగు నేలకు మంచి వాటా ఉంది. మన దేశంలో క్షయకు బీసీజీ టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు ఆ ప్రాంతపు జనం మీద ఏళ్ల తరబడి పరిశీలనలు చేశారు. 1968లో తమిళనాడు చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన పెద్ద పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. కానీ పసిపిల్లలకు మెదడుకు పాకే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది. అందుకే ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు. ఒక టీకా ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది ఇలా లెక్కగట్టి తేల్చుకోవాల్సిన విషయం.

కామెర్లకు, కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బీ సంగతి చూడండి. 1990ల్లో ఆ టీకా విదేశాల నుంచి వచ్చేది. ఒక్కో డోసుకు వందల రూపాయలు. పేదవాళ్లకు అందేది కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఇక్కడ పెట్టుబడి దొరకని రోజుల్లో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ డబ్బు పెట్టి ఆదుకున్నారు. 1997లో దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బీ టీకా బయటికి వచ్చింది, ధరలు పడిపోయాయి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన రోజే ఆ టీకాను ఉచితంగా వేస్తున్నారు.

పోలియో సంగతీ అంతే. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా సర్టిఫికెట్ వచ్చింది. చుక్కల మీద పుకార్లు నమ్మి తలుపులు వేసుకున్న ఇళ్లు ఒకప్పుడు చాలా ఉండేవి. ఉలమాలు, ఇమాములు ముందుకొచ్చి చెప్పాకే ఆ తలుపులు తెరుచుకున్నాయి.

తట్టును మాత్రం ఇంకా తేలిగ్గా తీసుకుంటున్నాం. 'అందరు పిల్లలకూ వచ్చి పోయేదే' అంటాం. 2022 చివర్లో ముంబయిలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. జబ్బు పడ్డవాళ్లలో టీకా పడని పిల్లలే ఎక్కువ. తట్టుకు ఇంకో చెడ్డ గుణం ఉంది. అది జ్ఞాపక కణాలనే చంపుతుంది. 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం, తట్టు వచ్చిన పిల్లల్లో అంతకు ముందు సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. అంటే బిడ్డ ఒళ్లు నేర్చుకున్న పాఠాల్లో కొన్ని తుడిచిపెట్టుకుపోయినట్టే. 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, రెండు డోసులూ వేయిస్తే ఈ బాధ తప్పుతుంది.

అమ్మ ఇచ్చే మొదటి రక్షణ

కడుపులో ఉన్నప్పుడే తల్లి యాంటీబాడీలు మావి గుండా బిడ్డకు చేరతాయి. పుట్టాక మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పసుపు రంగు ముర్రుపాలలో ఇంకో రకం యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. అవి బిడ్డ పేగులకు లోపల పూత పూసినట్టు కాపలా కాస్తాయి. 'ఆ పాలు మంచివి కావు' అని పిండి పారబోసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నానీ, దాదీలకు గౌరవంగానే చెప్పి ఆ అలవాటు మాన్పించాలి. గంటలోపే బిడ్డను రొమ్ముకు పెట్టాలి.

తహ్నీక్ మన సంప్రదాయం. నమిలి మెత్తగా చేసిన ఖర్జూరం రవ్వంత అంగిలికి రాస్తారు. చేసేవారి చేతులు శుభ్రంగా ఉండాలి, వాళ్లకు దగ్గు, జ్వరం ఉండకూడదు, నెలలు నిండని బిడ్డ అయితే డాక్టరును అడగాలి. ఖర్జూరం బదులు తేనె మాత్రం వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల బొటులిజం అనే నరాల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ల పేగులు ఆ బ్యాక్టీరియాను అణచగలవు, పసిపేగులు అణచలేవు.

శక్తి తగ్గినప్పుడు

రక్షణ బలహీనపడటానికి మన ఊళ్లలో కనిపించే పెద్ద కారణాలు షుగరు, తిండి చాలకపోవడం, పొగ, ముసలితనం. షుగరు అదుపులో లేనప్పుడు తెల్లకణాలు సరిగా పనిచేయవు. షుగరు ఉన్నవాళ్లకు క్షయ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. క్షయ క్రిమి ఒంట్లో చేరిన వాళ్లందరికీ జబ్బు రాదు. నూటికి 90 మందిలో రక్షణ వ్యవస్థ దాన్ని చుట్టుముట్టి గోడ కట్టి బంధిస్తుంది. ఆ గోడ బలహీనపడ్డ రోజున జబ్బు బయటికి వస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే గళ్ల పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

తిండికి ఎంత బలం ఉందో జార్ఖండ్‌లో జరిగిన ఒక పరీక్ష చూపించింది. క్షయ రోగుల ఇళ్లలోని వాళ్లకు నెలనెలా పప్పు, బియ్యం లాంటివి అదనంగా ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ వచ్చేవాళ్లు సుమారు 40 శాతం తగ్గారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఇమ్యూనిటీ పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో పప్పు, గుడ్లు, ఆకుకూరలు కొంటే దక్కేది ఇదే.

శక్తి అతి అయినప్పుడు, దారి తప్పినప్పుడు

ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదన్నది పెద్ద పొరపాటు. రోగనిరోధక శక్తి పొయ్యిలో మంట లాంటిది. తక్కువైతే కూడు ఉడకదు, ఎక్కువైతే ఇల్లు అంటుకుంటుంది.

మొదటిది అలర్జీ. వేరుశనగ, రొయ్యలు, పుప్పొడి, దుమ్ము లాంటి హాని చేయనివాటిని కూడా శత్రువులుగా అనుకుని శరీరం హిస్టమిన్ వదులుతుంది. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఏదైనా తిన్న వెంటనే, సూది వేయించుకున్న వెంటనే లేదా కందిరీగ కుట్టగానే పెదవులు వాచి, ఊపిరి ఆడక, కళ్లు తిరిగితే అది ప్రాణాపాయం. ఇంటి చిట్కాలతో ఒక్క నిమిషం కూడా వృథా చేయకుండా దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండోది డెంగీ. ఈ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక, ఇంకో రకం వస్తే పాత యాంటీబాడీలు దాన్ని చంపలేకపోగా కణాల్లోకి దూరడానికి దారి ఇవ్వవచ్చు. అందుకే రెండోసారి డెంగీ చాలామందికి ఎక్కువ ప్రమాదం. 'ఒకసారి వచ్చింది కదా, ఇక రాదు' అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

మూడోది కరోనాలో చూశాం. చాలామంది చనిపోయింది వైరస్ ఒక్కదాని వల్ల కాదు, దాని మీద శరీరం చేసిన అతి దాడి వల్ల. ఆ దాడిని అణచడానికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనికొచ్చింది. ఆక్సిజన్ కావాల్సినవాళ్లకు అది ప్రాణం నిలిపింది. అవసరం లేనివాళ్లకు మొదట్లోనే ఇస్తే మేలు లేదు. 2021 రెండో వేవ్‌లో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడిన షుగరు రోగుల్లో బ్లాక్ ఫంగస్ కళ్లు, ప్రాణాలు తీసింది. అదే మందు ఒకరికి ప్రాణం, ఇంకొకరికి ప్రమాదం.

అదే ఏడాది మే నెలలో మన జిల్లాలోనే, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి పరీక్షలు చేయించింది. మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతి ఇస్తూ, వాటితో కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని కూడా చెప్పింది. భయంలో ఉన్న జనం ఆశపడటం తప్పు కాదు. కానీ మందు వాడాక తగ్గడం వేరు, మందు వల్ల తగ్గడం వేరు. కరోనా వచ్చిన చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గింది. తగ్గించింది వాళ్ల ఒంట్లోని టీ కణాలు, బీ కణాలే. తేడా తేల్చాలంటే మందు వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్క చూడాలి. కలోంజీ అయినా, తిప్పతీగ అయినా, పెద్ద కంపెనీ బిళ్ల అయినా కొలత ఇదొక్కటే.

సొంత ఒంటి మీదే తిరుగుబాటు

అన్నిటికన్నా మన ఇళ్లలో తక్కువ అర్థమైనది ఈ రకం. టీ కణాల శిక్షణలో తప్పించుకున్న కొన్ని కణాలు సొంత శరీరాన్నే శత్రువు అనుకుంటాయి. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల మీద పడితే పిల్లలకు వచ్చే టైప్ 1 షుగరు. థైరాయిడ్ మీద పడితే హషిమోటో. చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడితే బొల్లి, అంటే తెల్లమచ్చలు. కీళ్ల పొరల మీద పడితే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. చర్మం, మూత్రపిండాలు, కీళ్లు అన్నిటి మీదా పడితే లూపస్. వీటిలో చాలా జబ్బులు మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ఎక్కువ. లూపస్ అయితే పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే.

బొల్లి అంటదు. ముట్టుకుంటే రాదు, ఒకే ప్లేట్లో తింటే రాదు. అది కుష్ఠు కాదు. ఆ మచ్చలు చూసి సంబంధం వదులుకోవడానికి వైద్యంలో ఏ కారణమూ లేదు. టైప్ 1 షుగరు వచ్చిన బిడ్డకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఏ కషాయం ఇచ్చినా, ఏ మొక్కు మొక్కినా ఇన్సులిన్ మాత్రం ఆపకూడదు.

కీళ్లనొప్పుల సంగతి ఉదయగిరి, ఆత్మకూరు వైపు కొంచెం చిక్కు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకు గోధుమ మరకలు, వెన్ను, మెడ బిగుసుకుపోవడం వస్తాయి. అది నీటి జబ్బు, రోగనిరోధక శక్తి జబ్బు కాదు. మోకాళ్లు అరిగిపోవడం వయసు జబ్బు. రుమటాయిడ్ వేరు. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ ఒకేలా బిగుసుకుపోయి, గంట దాకా పిడికిలి పట్టకపోతే, ముణుకుల దగ్గర వాపు ఆరు వారాలు దాటి ఉంటే అనుమానించాలి. అన్నిటికీ 'వాతం' అని ఒకే పేరు పెడితే ఒకే సూది పడుతుంది. ఆ సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూట హాయిగా ఉంటుంది. ఏళ్ల తరబడి వేయించుకుంటే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి, ఈలోగా కీళ్లు వంకరపోతాయి. ఎక్కువ రోజులు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

రుమటాయిడ్‌కు ఈరోజు ప్రపంచమంతా ముందుగా వాడే మందు మెథోట్రెక్సేట్. దాని వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. దాన్ని అడ్డుకునే మందులు ఆయన బృందం నుంచే వచ్చాయి. మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. ఆయన 1948లో కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ తర్వాత చిన్న మోతాదులో కీళ్లజబ్బుకు పనికొచ్చింది.

ఈ మందు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఒక్క సంగతి గోడ మీద రాసి పెట్టుకోండి: ఇది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకునే బిళ్ల కాదు. చదువు రాని అమ్మలు, కంటిచూపు తగ్గిన పెద్దలు పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. జుమా రోజు అనో, ఆదివారం అనో ఒక రోజు ఖాయం చేసి, ఇంట్లో ఇంకొకరు చేతికి ఇవ్వడం మంచిది. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. రంజాన్‌లో ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు మందు వేళలు, రక్తపరీక్షల గురించి నెల ముందే మాట్లాడుకోవాలి.

రక్తపరీక్ష కాగితం చేతికి వస్తే

సీబీసీ రిపోర్టులో తెల్లకణాల సంఖ్య మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉంటుంది. న్యూట్రోఫిల్స్ బాగా పెరిగితే సాధారణంగా బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అనుకుంటారు. లింఫోసైట్లు పెరిగితే చాలాసార్లు వైరస్. ఇయోసినోఫిల్స్ పెరిగితే అలర్జీ గానీ కడుపులో పాములు గానీ ఉండవచ్చు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని రెండు రోజులకు ఆపేస్తే, బతికిపోయిన బ్యాక్టీరియా మొండిదై మళ్లీ వస్తుంది. ఇవన్నీ గుర్తులే గానీ తీర్పులు కావు, కాగితం చూసి మనమే మందు నిర్ణయించుకోకూడదు.

ఇంట్లో చేయదగ్గవి పెద్దవేం కావు. పిల్లల టీకా కార్డు నికానామా దాచుకున్నంత జాగ్రత్తగా దాచుకోండి, తప్పిన డోసు ఉంటే ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. షుగరు అదుపులో పెట్టుకోండి. బీడీ, గుట్కా మానండి. రాత్రి సరిగా నిద్రపోండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు వారంలో ఎక్కువ రోజులు పళ్లెంలో ఉండేలా చూడండి. వుజూ చేసే అలవాటు ఉన్న ఇంట్లో, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు.

దర్గాకు వచ్చే రోగి వెంట మందుల సంచి కూడా రావాలి. ఇన్సులిన్ గానీ, క్షయ మందు గానీ, ఫిట్స్ బిళ్ల గానీ ఒక్క పూట కూడా ఆగకూడదు. దువా చేస్తున్న చేతులతోనే మందు వేళకు అందించండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.